చిల్లర వదిలేస్తే లెక్క తప్పినట్టే!

రెండున్నర గంటల సినిమాలో బొమ్మలెన్ని?

కాగితం వద్దు, పెన్సిలు వద్దు. జేబులో సెల్‌ఫోను జేబులోనే వుండనివ్వండి. పోనీ, చిన్న సాయం చేస్తాను. తెర మీద సెకనుకి 24 బొమ్మలు నడుస్తాయి. ఇప్పుడు చెప్పండి చూద్దాం!

ఆలోచిస్తున్నారా? తొందరేం లేదు. ఇదే ప్రశ్న పదకొండేళ్ళ వయసులో నన్ను మా వూరి టూరింగ్ టాకీసు ఆపరేటరు అడిగాడు. ఇరవయ్యో ఎక్కం దాకా గడగడా అప్పజెప్పేవాణ్ణి నేను. అయినా నోరు పెగల్లేదు. జవాబు చెప్పడానికి నాకో వేసవి మొత్తం పట్టింది. ఆ వేసవి సంగతే ఇప్పుడు మీకు చెప్పబోతున్నాను. మధ్యలో కొన్ని గమ్మత్తు లెక్కలు కూడా వస్తాయి. నేర్చుకున్నారంటే ఇంటర్వెల్లో మీ మిత్రబృందాన్ని ఓ ఆట ఆడించొచ్చు!

నేల టిక్కెట్టు రోజులు

మాది చర్ల. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం మీదుగా వస్తే అరవై కిలోమీటర్ల దరిదాపు. అప్పట్లో ఖమ్మం జిల్లా, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. ఒక పక్క గోదావరి, ఇంకో పక్క తాలిపేరు వాగు, మిగిలిందంతా అడవి. ఆ అడవి దాటితే ఛత్తీస్‌గఢ్.

వేసవి వచ్చిందంటే మా వాళ్ళకి రెండే ధ్యాసలు. పెద్దవాళ్ళకి తునికాకు, పిల్లలకి టూరింగ్ టాకీసు. డేరా వేసిన రోజు నుంచీ మా కాళ్ళు అటే లాగేవి. నేల టిక్కెట్టు అర్ధరూపాయి. ప్రొజెక్టరు ఒక్కటే. అందుకని రీలు అయిపోయినప్పుడల్లా దీపాలు వెలిగేవి. సరిగ్గా హీరో విలన్ కాలరు పట్టుకునే సరికి రీలు అయిపోయేది! జనం ఈలలు, కేకలు. ఆపరేటరు మాత్రం చుట్ట నోట్లో పెట్టుకుని తాపీగా కొత్త రీలు ఎక్కించేవాడు.

టిక్కెట్టుకి డబ్బుల్లేని రోజు నేను ఆ ప్రొజెక్టరు పక్కనే తచ్చాడేవాణ్ణి. ఓ రోజు ఆయనే పిలిచాడు.

"ఏరా అబ్బాయ్, ఎక్కాలొచ్చా?"

"ఇరవై దాకా వచ్చండీ."

"అయితే విను. ఫిల్ము అడుగుకి 16 బొమ్మలు. సెకనుకి 24 బొమ్మలు పోతాయి. అంటే సెకనుకి అడుగున్నర, నిమిషానికి తొంభై అడుగులు. వెయ్యి అడుగుల రీలు ఎంతసేపు ఆడుద్ది?"

నేను వేళ్ళు మడుస్తూ వుండగానే ఆయన, "పదకొండు నిమిషాల చిల్లర" అనేశాడు. "సరే, రెండున్నర గంటల సినిమాలో బొమ్మలెన్నో చెప్పు. చెప్పిన రోజు నీకు నా పక్కన స్టూలు."

ప్రొజెక్టరు పక్కన స్టూలంటే మాటలా? రాత్రంతా నిద్ర పట్టలేదు.

కల్లంలో 187 కట్టలు

తునికాకు సంగతి పట్నం పాఠకులకి కొంచెం చెప్పాలి. బీడీలు చుట్టే ఆకు అది. ఎండలు ముదిరే రోజుల్లో తెల్లవారుజామునే అడవికి పోయి ఆకు కోసుకొస్తారు. ఏభై ఆకులు ఒక కట్ట. సాయంత్రం ఆ కట్టలన్నీ కల్లానికి మోసుకెళ్ళి వరసల్లో పేర్చాలి. కల్లేదారు లెక్క చూసి చీటీ రాస్తాడు. ఆ రోజుల్లో మా కల్లంలో కట్టకి పన్నెండు పైసలు.

ఆ రోజు మా ఇంటిల్లిపాదీ కోసి కట్టినవి 187 కట్టలు. నేనే లెక్కపెట్టాను. కల్లేదారు వరసల వైపు ఓ చూపు చూసి, చీటీ మీద గీకి, "నూట ఎనభై. ఇరవై ఒకటిన్నర" అన్నాడు.

అమ్మ చీటీ కొంగున కట్టుకుంది. ఏమీ అనలేదు. నాకూ ఏమీ తోచలేదు. దారిలో అమ్మ తనలో తను అనుకుంటున్నట్టు అంది.

"రెండొందలకి పదమూడు తక్కువ. రెండొందలకి ఇరవై నాలుగు రూపాయలు. పదమూడింటికి రూపాయి ఏభై ఆరు పైసలు. తీసేస్తే ఇరవై రెండు రూపాయల నలభై నాలుగు పైసలు. తొంభై నాలుగు పైసలు పోయినయ్యిరా."

నేను ఇంటికెళ్ళి బొగ్గుముక్కతో గోడ మీద గుణించి చూశాను. అణా పైసలతో సహా అమ్మ లెక్క సరిపోయింది! అమ్మ బడి మొహం చూడలేదు. నేను మాత్రం ఆరో తరగతి.

"మరి అక్కడే అడగలేదేమే అమ్మా?"

"అడిగితే 'ఏం చదువుకున్నావమ్మా' అంటాడు. ఏం చెప్పమంటావు?"

తొంభై నాలుగు పైసలంటే ఒక నేల టిక్కెట్టు, పైన నలభై నాలుగు పైసలు. కల్లేదారు చేసిందల్లా రెండు చోట్ల గుండు చేయడమే. 187ని 180 చేశాడు. 180 కట్టలకి ఇరవై ఒక్క రూపాయల అరవై పైసలు రావాల్సి వుండగా ఆ పది పైసల్నీ మింగాడు. అమ్మ కూడా గుండు చేసింది, 187ని 200 చేసింది. కానీ చివర్లో ఆ పదమూడింటినీ మర్చిపోకుండా వెనక్కి తెచ్చింది. తేడా అంతా అక్కడే వుంది!

ఆ తర్వాత నోటిలెక్కల పుస్తకాలు ఎన్ని చదివినా, ఎందరు గణితావధానుల గురించి విన్నా, నాకు కనిపించిన కిటుకు ఈ ఒక్కటే. ముందు లెక్కని గుండు చెయ్యి. తర్వాత చిల్లర తిరిగివ్వు.

మీరూ చేసి చూడండి

ఉదాహరణకి 98 × 97. ఎక్కాలతో పని లేదు. రెండూ వందకి దగ్గర. ఒకటి 2 తక్కువ, ఇంకోటి 3 తక్కువ. మొత్తం 5 తక్కువ, కాబట్టి ముందు 95. ఆ 2ని 3తో గుణిస్తే 6, కాబట్టి వెనక 06. జవాబు 9,506. మూడు సెకన్ల పని!

5తో ముగిసే సంఖ్యని దానితోనే గుణించాలా? 65 × 65 చూడండి. 6ని దాని పై అంకె 7తో గుణిస్తే 42. పక్కన 25 పెట్టండి. 4,225. అలాగే 85 × 85కి ఎనిమిది తొమ్మిదులు 72, పక్కన 25, మొత్తం 7,225.

25తో గుణించడం ఇంకా తేలిక. నాలుగో వంతు తీసి వందతో గుణించడమే. పాతిక రూపాయల టిక్కెట్లు 36 కొన్నారనుకోండి. 36లో పాతిక భాగం 9. అంటే 900 రూపాయలు. 50 అయితే సగం చేసి వందతో గుణించాలి. మా 187 కట్టల్లో ఆకులెన్ని? 187లో సగం 93న్నర. అంటే 9,350 ఆకులు. ఒక్కో ఆకూ ఒక్కోసారి చెయ్యి చాపి కోసిందే సుమండీ!

11తో అయితే మరీ సరదా. 43 × 11కి 4, 3 అంకెల మధ్య వాటి మొత్తం 7 ఇరికించండి. 473. మధ్య మొత్తం పది దాటితే ఒకటి ముందుకి నెట్టాలి. 78 × 11 లో 7, 8 కలిపితే 15. మధ్యలో 5, ముందున్న 7 కాస్తా 8. జవాబు 858.

శాతాలంటే భయమా? 50 రూపాయల్లో 18 శాతం ఎంత అంటే తడుముకుంటారు. తిప్పి చదవండి: 18 రూపాయల్లో 50 శాతం. అంటే సగం, 9 రూపాయలు. రెండూ ఒకటే! ఎప్పుడైనా సరే, ఏ అంకె తేలికైతే దాన్ని శాతం చేసుకోండి.

గిద్ద నుంచి 32 అంకెల దాకా

అమ్మకి ఈ విద్య ఎలా వచ్చింది? బియ్యం కొలవడంలో వచ్చింది. నాలుగు గిద్దలు ఒక సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. రెండు మానికలు అడ్డ. రెండు అడ్డలు కుంచం. అంతా రెట్టింపు లెక్కే. 4, 8, 16, 32, 64. కుంచానికి 64 గిద్దలు. రెట్టింపు చేయడం, సగం చేయడం వస్తే సగం లెక్కలు వచ్చినట్టే.

రెట్టింపు అంటే ఒక మహానుభావుడు గుర్తుకొస్తాడు. లక్కోజు సంజీవరాయశర్మ గారు. 1907లో కడప జిల్లా ప్రొద్దుటూరు దగ్గర కల్లూరులో పుట్టారు. పుట్టుకతోనే చూపు లేదు. అక్క పాఠాలు పైకి చదువుతుంటే విని మనసులో పెట్టుకుని నేర్చుకున్నారు. చేతిలో ఫిడేలు, నోట్లో లెక్కలు. గణితావధానం పేరుతో దేశమంతా ప్రదర్శనలిచ్చారు. సభలో ఎవరైనా లేచి తను పుట్టిన తేదీ చెప్తే అది ఏ వారమో, ఏ తిథో చెప్పేవారు. 1997లో ఆయన కన్ను మూశారు.

1966 డిసెంబరులో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయంలో ఆయన్ని ఒక ప్రశ్న అడిగారు. రెండుని రెండుతో గుణిస్తూ పోయి, మొత్తం 103 రెండ్లని గుణిస్తే ఎంత? శర్మగారు 32 అంకెల జవాబు చెప్పారు. ఇదిగో అది:

10141204801825835211973625643008

ఒక్కసారి పైకి చదివి చూడండి, నాలుక తడబడుతుంది! కళ్ళున్న మనకి చదవడానికే కష్టం. ఆయన కాగితం ఎలా వుంటుందో ఎన్నడూ చూడలేదు.

మనం ఈ జవాబు చెప్పలేం. కానీ అందులో అంకెలు 32 అని మాత్రం నోటితో తేల్చగలం. ఎలా అంటారా? పది రెండ్లని గుణిస్తే 1,024. గుండు చేస్తే వెయ్యి, అంటే మూడు సున్నాలు. వంద రెండ్లకి అలాంటి వెయ్యిలు పది. ఒకటి పక్కన ముప్పై సున్నాలు, అంటే 31 అంకెలు. మిగిలిన మూడు రెండ్లకి 8. ఒకటి పోయి ఎనిమిది వచ్చింది గానీ అంకెలు మాత్రం 31 దగ్గరే ఆగాయి. మరి శర్మగారి జవాబులో 32 ఎందుకున్నాయి?

చిల్లర! ప్రతి 1,024లోనూ మనం 24 వదిలేశాం. వెయ్యికి 24 అంటే ఏముందిలే అనుకున్నాం. కానీ అది పది సార్లు వడ్డీ మీద వడ్డీలా పెరిగి, ఒకటి కాస్తా ఒకటింబాతిక దాటుతుంది. దాన్ని 8తో గుణిస్తే పది దాటుతుంది. ఒక అంకె పెరిగింది. చూశారా, వదిలేసిన చిల్లర ఎంత పని చేసిందో!

సినిమా అయిన లెక్కలావిడ

శకుంతలాదేవి పేరు మీకు కొత్త కాదు. 2020లో విద్యాబాలన్ వేసిన హిందీ సినిమా ఆమె జీవితమే. ఆమె 1929లో బెంగుళూరులో పుట్టారు. తండ్రి సర్కస్ మనిషి. బడి చదువు లేదు. 1980 జూన్ 18న లండన్ ఇంపీరియల్ కాలేజీలో ఆమెకి పదమూడేసి అంకెల సంఖ్యలు రెండిచ్చారు. 7,686,369,774,870 ఒకటి. 2,465,099,745,779 రెండోది. గుణించమన్నారు. 28 సెకన్లలో ఆమె చెప్పిన జవాబు:

18,947,668,177,995,426,462,773,730

నిజమా కాదా అని మనమెలా చూడాలి? దీనికీ ఓ కిటుకు వుంది. దాని పేరు తొమ్మిదుల పరీక్ష. సంఖ్యలో అంకెలన్నీ కూడండి, ఒక్క అంకె మిగిలేదాకా కూడుతూ పోండి. మొదటి సంఖ్యలో అంకెల మొత్తం 78. ఏడూ ఎనిమిదీ 15, ఒకటీ ఐదూ 6. రెండోదానిలో 74, అంటే 11, అంటే 2. ఆరు రెండ్లు 12, అంటే 3. ఇప్పుడు జవాబులో అంకెలు కూడండి. 138 వస్తుంది. అంటే 12, అంటే 3. సరిపోయింది!

ఒక హెచ్చరిక. పరీక్షలో తేడా వస్తే లెక్క కచ్చితంగా తప్పే. సరిపోయినంత మాత్రాన మాత్రం ఒప్పని పూచీ లేదు. 54 రాయబోయి 45 రాస్తే ఈ పరీక్ష పట్టుకోలేదు. మంచి కాపలాదారే గానీ అప్పుడప్పుడు కునుకు తీస్తాడన్నమాట!

ఇలాంటి సరదాలు మన తెలుగుకి కొత్తవి కావు. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూటుల కాలపు మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసార సంగ్రహం రాశాడు. దాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. లెక్కలు పద్యాల్లో! మహావీరాచార్యుడికి హారాల్లాంటి సంఖ్యలంటే మహా ఇష్టం. 142857143ని 7తో గుణించి చూడండి. 1000000001 వస్తుంది. అటు చదివినా ఇటు చదివినా ఒకటే, మెడలో వేసుకునే హారంలా. 111111ని 111111తో గుణించండి. 12345654321. మెట్లెక్కి దిగినట్టు లేదూ?

మాయాబజార్ ఏ వారం విడుదలైంది?

ఇది సినిమా పత్రిక కదా, మన సరుకూ వుండాలి. "మాయాబజార్" 1957 మార్చి 27న విడుదలైంది. ఏ వారం? క్యాలెండరు తీయకండి.

ఏ సంవత్సరమైనా సరే నాలుగో నెల 4, ఆరో నెల 6, ఎనిమిదో నెల 8, పదో నెల 10, పన్నెండో నెల 12 – ఈ ఐదు తేదీలూ ఒకే వారం వస్తాయి. ఇంట్లో క్యాలెండరు మీద తర్వాత సరి చూసుకోండి.

స్వాతంత్ర్యం వచ్చిన 1947 ఆగస్టు 15 శుక్రవారం. ఏడు తీస్తే ఆగస్టు 8 కూడా శుక్రవారమే. కాబట్టి 1947లో పై ఐదు తేదీలూ శుక్రవారాలే. ఏడాదికి ఒక వారం ముందుకి జరుగుతుంది, లీపు సంవత్సరమైతే రెండు. 1957కి పదేళ్ళు, మధ్యలో 48, 52, 56 మూడు లీపులు. మొత్తం పదమూడు. పద్నాలుగైతే మళ్ళీ శుక్రవారమే. ఒకటి తక్కువ కాబట్టి గురువారం. చూశారా, మళ్ళీ గుండు, మళ్ళీ చిల్లర! అంటే 1957 ఏప్రిల్ 4 గురువారం. మార్చి 27 దానికి సరిగ్గా ఎనిమిది రోజుల ముందు. ఏడు రోజులు వెనక్కిపోతే గురువారం, ఇంకొకటి పోతే బుధవారం. "మాయాబజార్" బుధవారం విడుదలైంది!

అదే 1957తో ఇంకో తమాషా. అంకెల్ని పెద్ద నుంచి చిన్నకి రాస్తే 9751, చిన్న నుంచి పెద్దకి రాస్తే 1579. తీసివేస్తే 8172. మళ్ళీ అలాగే 8721లోంచి 1278 పోతే 7443. తర్వాత 3996, తర్వాత 6264, తర్వాత 4176, తర్వాత 6174. ఇంకోసారి చేయండి, 7641లోంచి 1467 పోతే మళ్ళీ 6174! అక్కడితో చక్రం ఆగిపోతుంది. నాలుగంకెలూ ఒకటే కాని ఏ నాలుగంకెల సంఖ్యైనా ఏడు తీసివేతల లోపల అక్కడికే చేరుతుంది. మధ్యలో మూడంకెలు వస్తే ముందో సున్నా పెట్టుకోవాలి. దీన్ని 1949లో కనిపెట్టింది ఏ విదేశీ ప్రొఫెసరో కాదు. మహారాష్ట్రలో దేవ్‌లాలీ బడి పంతులు కాప్రేకర్. ఈసారి బస్సులో విసుగేస్తే ఎదురొచ్చే బండి నంబర్లతో ఆడి చూడండి. దారి తెలీదు!

గోదావరి నేర్పిన లెక్క

ఇవన్నీ సరదాకేనా అంటారా? మా వైపు వానాకాలం వచ్చి చూడండి. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఐదేసి అడుగుల ఎడం. పొద్దున్నే రేడియోలో 43 అని విన్నారనుకోండి. గంటకి అరడుగు చొప్పున పెరుగుతోందని తెలిసింది. రెండో హెచ్చరికకి ఎంత టైముంది? ఐదడుగులకి పది గంటలు. అంటే చీకటి పడకముందే గొడ్లూ గోదా, ధాన్యం బస్తాలూ మెట్టకి చేర్చాలి. మా వూరి ముసలాళ్ళు ఈ లెక్క కట్ట మీద నిలబడి చేసేవాళ్ళు. 1986 ఆగస్టులో నీళ్ళు 75.6 అడుగులకి వచ్చాయి, 2022 జూలైలో 71.3కి. మూడో హెచ్చరిక కంటే 1986 ఎన్ని అడుగులు ఎక్కువో మీరే నోటితో చెప్పండి. 22 అడుగుల చిల్లర. ఆ చిల్లర ఎంత? ఆరు పదో వంతులు, అంటే మనిషి చీలమండ లోతు కంటే ఎక్కువే. ఆ మాత్రం నీళ్ళకే ఇంట్లో బియ్యం తడుస్తాయి!

"సెల్‌ఫోను వుండగా ఈ గొడవంతా ఎందుకు సార్?" అనే కుర్రాళ్ళున్నారు. హైదరాబాదు కుర్రాడు నీలకంఠ భాను ప్రకాశ్‌ని చూడండి. ఐదేళ్ళప్పుడు ప్రమాదంలో తలకి పెద్ద దెబ్బ తగిలింది. మంచం మీద వున్న రోజుల్లో బుర్రకి పని చెప్పడానికి లెక్కలు పట్టుకున్నాడు. 2020లో, ఇరవై ఏళ్ళ వయసులో, మైండ్ స్పోర్ట్స్ ఒలింపియాడ్ నోటిలెక్కల పోటీలో స్వర్ణపతకం గెలిచాడు. సెల్‌ఫోను అతని దగ్గరా వుంది!

ఫోను మీరు కొట్టిన అంకెకే జవాబు చెప్తుంది. 187కి బదులు 180 కొట్టినవాడు అవతల వుంటే, ఆ ఫోను కూడా వాడి పక్షమే.

కల్లంలో క్లైమాక్స్

మళ్ళీ మా కల్లానికొద్దాం. వారం తర్వాత మా కట్టలు 146. కల్లేదారు మామూలుగానే, "నూట నలభై. పదహారున్నర" అన్నాడు.

నా గుండె దడదడలాడింది. అమ్మ నా వైపు చూసింది. పొమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు.

"నూట నలభై ఆరండీ" అన్నాను. "నూట ఏభైకి పద్దెనిమిది రూపాయలు. నాలుగు తక్కువ కాబట్టి నలభై ఎనిమిది పైసలు తీసెయ్యాలి. పదిహేడు రూపాయల ఏభై రెండు పైసలు రావాలి."

కల్లేదారు నన్ను ఎగాదిగా చూశాడు. వరసలో వున్న ఆడవాళ్ళంతా మాట్లాడ్డం ఆపేశారు. ఆయన కట్టలు మళ్ళీ లెక్కపెట్టాడు. చీటీ వెనక గుణించాడు. రెండుసార్లు గుణించాడు. పదిహేడు, ఏభై రెండు. కొట్టేసి కొత్త చీటీ రాశాడు.

సినిమా అయితే ఇక్కడ చప్పట్లు కొట్టి శుభం కార్డు వేసేవాళ్ళు. మా కథలో అలా జరగలేదు. మర్నాటి నుంచి మా వరస కట్టలు ఆఖరున చూడ్డం మొదలుపెట్టాడు కల్లేదారు. చీకటి పడేదాకా అక్కడే పడిగాపులు. నా వల్లే కదా అని నాకు ఏడుపొచ్చింది. అమ్మ మాత్రం కట్టల పక్కనే చతికిలబడి, "కూర్చోరా, ఎలాగూ కూర్చున్నాం. పక్క వరస అత్తమ్మవి నూట పన్నెండంట. ఎంతో చెప్పు" అంది.

నూట పన్నెండు పన్నెండ్లు. వందకి పన్నెండు రూపాయలు, పన్నెండింటికి రూపాయి నలభై నాలుగు. పదమూడు రూపాయల నలభై నాలుగు పైసలు. చెప్పాను. తర్వాత ఇంకొకావిడ వచ్చింది, తర్వాత ఇంకొకావిడ. చీటీ రాసేలోపే ఎవరి లెక్క వాళ్ళ నోట్లో వుండేది. ఆ వేసవి అయ్యేసరికి కల్లేదారు కట్టలు ఒక్కొక్కటీ లెక్కపెట్టడం నేర్చుకున్నాడు!

సంత రోజు డబ్బులు రాగానే అమ్మ నా చేతిలో అర్ధరూపాయి పెట్టింది. డేరా దగ్గరికి ఒకటే పరుగు.

"రెండు లక్షల పదహారు వేలు!" అన్నాను ఆపరేటరుతో, రొప్పుతూ. "నిమిషానికి 1,440 బొమ్మలు. వంద నిమిషాలకి లక్షా నలభై నాలుగు వేలు. ఇంకో ఏభైకి అందులో సగం, డెబ్భై రెండు వేలు."

ఆయన చుట్ట తీసి నవ్వాడు. "అరవైని అరవైతో, మళ్ళీ అరవైతో గుణించినా అంతే వస్తుంది, చూసుకో. రెండున్నర ఇరవై నాలుగులు అరవై గదా!"

ఇప్పుడు థియేటర్లలో రీళ్ళు లేవు, అంతా డిజిటల్. అయినా సెకనుకి 24 బొమ్మలు మాత్రం అలాగే వున్నాయి. కాబట్టి ఆ లెక్క ఇప్పటికీ చెల్లుతుంది.

ఆపరేటరు మాట తప్పలేదు. స్టూలు లాగి దాని మీద దుమ్ము తుడిచాడు. నేను కూర్చున్నాక చేతిలో రీలు పైకెత్తి మొదటి గజం ఫిల్ము దీపానికి ఎదురుగా చూపించాడు. ఒక్క బొమ్మా లేదు, అంతా ఖాళీ.

"ప్రతి రీలుకీ ముందూ వెనకా ఇలా కొంత వుంటుంది. ఇది లెక్కలో వేశావా?"

వెయ్యలేదు. ఆ రాత్రి సినిమా సగం చూశాను, సగం ఆ చిల్లర లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.